రిమాండ్ అయిన దారి

ప్రత్తిపాడు పక్క పల్లెటూరి పిచ్చయ్యకి హైకోర్టు తీర్పులంటే మహా మోజు. పేపర్లో వారం వారం ఆ తీర్పుల శీర్షిక వచ్చేది. టీ కొట్టు బల్ల మీద కూర్చుని దాన్ని నలుగురికీ వినిపించేలా చదివేవాడు. మనోవర్తి ఎప్పటిదాకా ఇవ్వాలి, బస్సు గుద్దితే పరిహారం ఎవరిస్తారు, అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలంటే ఏం రుజువు చెయ్యాలి, ఇలాంటివన్నీ అతనికి నోటికొచ్చు. అతన్ని ఏ బస్సూ గుద్దలేదు. భార్య రెబ్కాకి విడాకులిచ్చే ధైర్యం అతనికి లేనే లేదు. అయినా ప్రతి తీర్పూ తన కోసమే రాసినట్టు చదివేవాడు. అప్పీలు 'అలౌ' అంటే గెలుపనీ, 'డిస్మిస్' అంటే ఓటమనీ ఊరికి నేర్పింది అతనే. ఊరివాళ్ళు ప్లీడరు పిచ్చయ్య అనేవాళ్ళు. అందులో ఎగతాళిని పక్కకి ఏరేసి, గౌరవం వరకే తీసుకున్నాడు పిచ్చయ్య.

ఇంత చదువు ఊరికే రాలేదు. అతనికీ హైకోర్టులో ఒక అప్పీలుంది.

పిచ్చయ్య చేను రోడ్డు పక్కన, సిలార్ చేను దాని వెనక. సిలార్ బండి రోడ్డెక్కాలంటే పిచ్చయ్య గట్టు పక్క నుంచే రావాలి. వాళ్ళ నాన్నల కాలం నుంచీ అలాగే వచ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బండి వెనక వేలాడుతూ ఆ దారినే తిరిగారు. ఒక ఏడు సిలార్ బండి చక్రం కింద పిచ్చయ్య పత్తి మొక్కలు నాలుగు నలిగాయి. మాటకి మాట పెరిగింది. "పోనీలే పాపమని పోనిస్తున్నా, అదేం నీ హక్కనుకున్నావా" అన్నాడు పిచ్చయ్య. ఆ మాట పడలేక సిలార్ గుంటూరు కోర్టుకెక్కాడు. అక్కడ బోనెక్కి, దేవుడి మీద ప్రమాణం చేసి, "అక్కడ దారనేదే లేదు, ఎప్పుడూ లేదు" అన్నాడు పిచ్చయ్య. జడ్జీగారు నమ్మలేదు. పైకోర్టూ నమ్మలేదు. ఆ తీర్పులు అమలు కాకుండా పిచ్చయ్య హైదరాబాదు హైకోర్టు దాకా పోయి స్టే తెచ్చుకుని, దారికడ్డంగా తుమ్మ కంప కొట్టించాడు. అప్పట్నించీ సిలార్ మిరప బస్తాలు కాలవ కట్ట మీదుగా చుట్టూ తిరిగి నెత్తిన మోసుకోవాల్సిందే. ఇద్దరికీ మాటల్లేవు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు. ఇన్నేళ్ళయినా వీళ్ళ కేసు ఆ ఏడుపు దాకా కూడా రాలేదు.

మిరపకోతలు ముగుస్తున్న రోజుల్లో, పొద్దున పూట, బుడే నడిపే ఎస్టీడీ బూతుకి హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. వకీలుగారి గుమాస్తా. గొంతు గరగరమంటోంది.

"అప్పీలు అలౌ అయిందండీ. రిమాండ్ చేశారు" అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే లైను తెగింది.

పిచ్చయ్య ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అలౌ తెలుసు. తీర్పుల శీర్షికలో రిమాండ్ ఎప్పుడూ తగల్లేదు. ఎప్పుడన్నా తగిలినా గెలుపోటముల ధ్యాసలో దాటేసి ఉంటాడు.

"బుడే, రిమాండంటే?"

"అదేంది బాబాయ్, పేపరంతా చదువుతావుగా. దొంగల్ని పట్టుకుంటే రిమాండుకి పంపారని రాయరా? జైలు" అన్నాడు బుడే. "నువ్వు గెలిచావంటే లోపలికెళ్ళేది సిలార్ మామ."

పిచ్చయ్య ఛాతీ విరుచుకునే ఇంటికెళ్ళాడు. రెబ్కా అన్నం పెట్టి, అంతా విని, పప్పు గిన్నె కింద పెట్టింది.

"దారి గొడవకి మనిషిని జైల్లో పెడతారా?"

"హైకోర్టే. పెట్టదా మరి?"

"ఆయన సుగరు మనిషి. వేళకింత తినకపోతే కళ్ళు తిరిగి పడతాడు. జైల్లో అది ఎవరు చూస్తారు?" అని అడిగింది, "సంతోషంగా ఉందా నీకు?"

పిచ్చయ్య ముద్ద కలిపాడు గానీ మింగుడు పడలేదు. గెలిస్తే సిలార్ తల దించుకుని ఎదురుపడతాడనీ, అప్పుడు తను కొంచెం మెత్తబడొచ్చనీ ఇన్నేళ్ళూ కలలు కన్నాడు. ఆ కలల్లో పోలీసు జీపు ఎక్కడా లేదు. భయమేసింది. నిజంగా భయమేసింది. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

సిలార్ ఈ వేళప్పుడు చేలో కళ్ళం దగ్గరే ఉంటాడు. కాలవ కట్ట మీదుగా పోతే ఎప్పటికి చేరేను, జీపు ముందే వచ్చేస్తే? పిచ్చయ్య తన చేలోంచే అడ్డం పడ్డాడు. కంప దగ్గర ఆగలేదు. రెండు చేతులతో పక్కకి లాగి దూరాడు. చొక్కా చిరిగింది. చెప్పులు అక్కడే ఇరుక్కుపోయాయి.

కళ్ళంలో ఎర్రగా మిరపకాయలు పరిచున్నాయి. సిలార్, అతని భార్య ఖైరున్నీసా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

"ఒరేయ్ సిలారూ, లెగు" అన్నాడు పిచ్చయ్య రొప్పుతూ. ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట అది. "పిడుగురాళ్ళ పో, మీ అత్తగారింటికి. నేను వకీలుతో మాట్లాడతా. సంతకం పెట్టమంటే పెడతా. ముందు నువ్వు లెగు."

"ఎందుకురా?"

"నిన్ను రిమాండ్ చేశారు."

సిలార్ అతని మొహంలోకి చూశాడు. నవ్వుదామనుకున్నాడు గానీ, ఆ మొహం చూశాక నవ్వు రాలేదు.

"రిమాండ్ నాక్కాదురా, కేసుకి. మా వకీలు నిన్ననే చెప్పాడు. కింది కోర్టు సరిగా విచారించలేదంట. మళ్ళీ మొదట్నించీ విచారించమని వెనక్కి పంపారు. నువ్వూ గెలవలేదు, నేనూ ఓడలేదు."

పిచ్చయ్య కూలబడ్డాడు. జైలు లేదన్న మాటకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది.

"మళ్ళీ మొదట్నించా?"

"ఆఁ. మళ్ళీ బోనెక్కాలి. మళ్ళీ ప్రమాణం చెయ్యాలి. అక్కడ దారుందా లేదా అని మళ్ళీ అడుగుతారు."

ఖైరున్నీసా చెంబుతో నీళ్ళు తెచ్చింది. పిచ్చయ్య మోచేతి మీద నెత్తురు, పాదాల్లో ముళ్ళు చూసి నొచ్చుకుంది.

"ఏందన్నా ఇదంతా? ఎటు పడొచ్చావు?"

"దారెమ్మటే వచ్చానమ్మా" అన్నాడు పిచ్చయ్య, నీళ్ళ చెంబు అందుకుంటూ.

చెంబు నోటిదాకా వెళ్ళలేదు. ఏమన్నాడో అప్పుడు వినిపించింది అతనికి. మూడు కోర్టులు తిరిగినా, బోనులో వకీళ్ళు గుచ్చి గుచ్చి అడిగినా అతని నోట్లోంచి రాని మాట అది. సిలార్ చేతిలో తాలుకాయ చేతిలోనే ఉండిపోయింది. అటు కంప మధ్య మనిషి పట్టేంత సందు పడి ఉంది, దాని వెనక గట్టు పక్కన పాత బండి జాడ గడ్డిలోంచి ఇంకా తెలుస్తూనే ఉంది.

పిచ్చయ్య తలెత్తలేదు. "అక్కడా ఇదే చెప్తాన్లేరా" అన్నాడు నెమ్మదిగా.

సిలార్ మిరపకాయల దుమ్ము దులుపుకుని లేచాడు.

"చెప్పులేవిరా?"

"కంపలో ఉండిపోయాయి."

"పద, తెచ్చుకుందాం."

ఇద్దరూ దారెమ్మట నడిచారు.