రెండు కాళ్ళూ నేల వదిలాక

పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకి సొంత భార్య మీద కొత్తగా మనసు పారేసుకున్న మొగుళ్ళు ఎంతమంది ఉంటారో తెలియదు గానీ, కళ్ళజోళ్ళ షాపాయన మాత్రం అందులో ఒకడు. ఆయన దగ్గర చెప్పుకోదగ్గ గుణం ఒక్కటే. కౌంటరు అవతల మనిషి వచ్చి నిలబడగానే ఏ చెవి ఎత్తుగా ఉందో, ముక్కు ఎటు వంకర పోయిందో ఇట్టే పసిగట్టి ఫ్రేము వంచి పెట్టగలడు. ఇంట్లో మనిషిని మాత్రం అంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు.

ఆవిడ కరెంటాఫీసులో బిల్లుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడేదని పెళ్ళికి ముందు ఎవరో చెప్తే ఆయన తలూపాడు. ఆ తలూపడంతో ఆ సంగతి అయిపోయింది. నిరుడు ఆఫీసువాళ్ళు నలభై దాటిన ఆడవాళ్ళతో ఒక జట్టు కట్టారు. ఆవిడ పేరిచ్చింది. మొదటి మ్యాచికి ఆయన మొహమాటానికి వెళ్ళి, బల్ల మీద కూర్చుని, హాలు పైకప్పుకి ఎన్ని ట్యూబులైట్లున్నాయో లెక్కపెడుతున్నాడు. అంతలో జట్టులోంచి ఎవరో "మిడతా, నీదే!" అని అరిచారు. ఆయన భార్య గాల్లోకి లేచింది.

మిడత అన్నది కాలేజీలో ఆవిడకి పెట్టిన పేరట. ఆ ముక్క ఆయనకి అప్పటిదాకా తెలియదు.

ఆ రోజునుంచీ ఆయనకి ఒకటే యావ. రెండు కాళ్ళూ నేల వదిలి, చెయ్యి బంతి మీద పడే క్షణాన ఆవిడ ఫోటో ఒక్కటి కావాలి. షాపులో ఫ్రేముల ఫోటోలు తీయడానికి కొన్న చిన్న చవక కెమెరా ఒకటుంది. అద్దాల బల్ల మీద బుద్ధిగా కూర్చున్న కళ్ళజోళ్ళని అది చక్కగానే తీస్తుంది. ఎగిరే మనిషిని చూస్తే మాత్రం దానికి కంగారు. బటన్ నొక్కాక కాసేపు ఆలోచిస్తుంది, గొంతు సవరించుకుంటుంది, అప్పుడు క్లిక్కుమంటుంది. ఈలోగా ఆవిడ దిగిపోయి, జుట్టు సరిచేసుకుని, ఆయన వైపు తిరిగి నవ్వేస్తుంది. పోనీ కాస్త ముందే నొక్కుదామంటే, ఇంకా మోకాళ్ళు వంచుకునే ఉంటుంది. ఏడాదిలో పదకొండు మ్యాచులు అయ్యాయి. ఆయన సంపాదించిన ఆస్తల్లా ఖాళీ నెట్లు, తెల్లటి చారలు, బంతి లేని చేతులు, ఇంకా బోలెడు నవ్వులు.

ఆయనకి కావలసింది నలభైమూడేళ్ళ ఆవిడ కాదని చెప్పేయడమే నయం. ఆవిడ రోజూ ఎదురుగానే ఉంటుంది. ఆయన ఎన్నడూ చూడని ఇరవయ్యేళ్ళ పిల్ల ఒకతె ఉంది. గాల్లో, అందరికంటే పైన, రెప్పపాటు కనపడి మాయమైపోతోంది. ఆ పిల్ల కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

దానికీ గడువు పడింది. ఆవిడ మోకాలి చిప్ప కింద అరిగిపోయిందని డాక్టరు తేల్చాడు. పట్టీ కట్టుకుని ఈ సీజను కానివ్వమన్నాడు, ఆ తర్వాత నడక తప్ప గెంతులు లేవన్నాడు. సీజనులో మిగిలినవి రెండే మ్యాచులు. బుధవారం సెమీఫైనలు, అది గెలిస్తే ఆదివారం ఫైనలు.

మంగళవారం పొద్దున్న స్టూడియో నడిపే అతను కళ్ళజోడు కాడ విరిగిందని వచ్చి, కౌంటరు మీద ఒక నల్లటి సంచీ పెట్టాడు.

"ఒకరు వాడిందే అన్నా, కానీ రాయిలా ఉంది. నొక్కి పట్టుకున్నారంటే సెకనుకి పది ఫోటోలు. ఆదివారం దాకా మీ దగ్గరే ఉంచుకోండి. నచ్చితే తీసుకోండి, లేదంటే సోమవారం పట్టుకుపోతా."

కళ్ళజోళ్ళాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా, ధీమాగా ఉంది. కావాలనిపించింది. అంతలోనే ఉసూరుమనిపించింది.

"ఆదివారం తర్వాత దీంతో నేనేం చేసుకోను?"

"పిట్టల్ని తీయండి."

"పిట్టలు నాకేమవుతాయయ్యా?"

పక్క వీధిలో ఉండే అక్క కూడా అక్కడే ఉంది, జోడు తుడిపించుకోడానికి వచ్చి. "ఉన్నదానికేమొచ్చిందిరా?" అంది. "మరదల్ని ఓ చోట నిలబెట్టి తియ్యి. హాయిగా నవ్వుతుంది."

"నిలబడితే అందరూ ఒకేలా ఉంటారక్కా" అన్నాడు ఆయన. అక్కకి అర్థం కాలేదు. ఆయనకీ మాటల్లో అంతకంటే చెప్పడం చేతకాలేదు.

బుధవారం హాల్లో ఆవిడ లేచిన ప్రతిసారీ ఆయన బటన్ నొక్కిపట్టాడు. కెమెరా టకటకటకమని ఒకటే మోత. పక్కన కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి చూశారు. ఆయన పట్టించుకోలేదు. జట్టు గెలిచింది. మర్నాడూ, ఆ మర్నాడూ లెన్సులు అరగదీసే పని ఊపిరాడనివ్వలేదు. శనివారం మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ఫోటోలు ఒక్కొక్కటే ముందుకి, వెనక్కి జరుపుతున్నాడు. కళ్ళ పరీక్ష చేసేటప్పుడు వచ్చినవాళ్ళని అడిగినట్టే తనని తనే అడుగుతున్నాడు, ఇదా, ఇదా, ఏది బాగుంది అని. నూట నలభయ్యో ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది.

రెండు కాళ్ళూ నేల వదిలేశాయి. అరచెయ్యి బంతిని అంటుకుని ఉంది. మొహంలో బిల్లుల కౌంటరు లేదు, ఇల్లు లేదు, ఆయన లేడు. పెదాలు కొంచెం విచ్చుకుని ఉన్నాయి. ఎవరి కోసమూ కాని సంతోషం ఒకటి ఆ మొహం నిండా ఉంది. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉండి ఈ పిల్లని తను ఒక్కసారి కూడా పలకరించలేదే అని ఆయనకి బెంగ పుట్టుకొచ్చింది. ఆ బెంగలో కాస్త కుళ్ళు కూడా కలిసి ఉంది, దాచడమెందుకు. తన దగ్గర ఆవిడ ఎన్నడూ అలా లేదు.

తర్వాతి ఫోటోకి వెళ్ళాడు. ఆ తర్వాతిదానికి వెళ్ళాడు. కాలు నేలని తాకింది. దవడ బిగిసింది. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, మెడ నరం ఉబ్బింది. దెబ్బ తగిలిన మనిషి మొహం అది. వరసగా ఆరు ఫోటోల్లో అదే మొహం. ఏడోదానికి ఊపిరి వదిలింది. ఎనిమిదోదానికి బల్లల వైపు తిరిగి నవ్వింది.

ఏడాదంతా ఆయన చూసింది ఆ ఎనిమిదోదాన్నే. చిన్న కెమెరా బద్ధకంగా ఆలోచించి ఆలోచించి, ప్రతిసారీ ఆయన చేతిలో ఆ నవ్వే పెట్టింది.

"నన్నేనా అంత గుడ్లప్పగించి చూస్తున్నారు?"

శనివారం ఆవిడకి ఒంటిపూట ఆఫీసు. షట్టరు కింద నుంచి వంగి ఎప్పుడొచ్చిందో, ఆయన వెనకే నిలబడి ఉంది. ఆయన గబగబా మౌస్ కదిపాడు గానీ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆపింది. స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక్కొక్కటే వెనక్కి జరిపి, తను గాల్లో ఉన్న ఫోటో దగ్గర ఆగింది.

చాలాసేపు చూసింది. "పర్లేదే. ఇంకా ఉన్నాను" అంది మెల్లిగా.

తర్వాత ముందుకి జరిపింది. ఆరింటినీ చూసింది. బయట ఎవరో షట్టరు తట్టి, జవాబు రాకపోయేసరికి వెళ్ళిపోయారు.

"చెప్పండి. రేపు ఆడొద్దంటారా?"

వద్దనే మాట ఆయన నాలుక చివరే ఉంది. సాక్ష్యం ఎదురుగా కంప్యూటరులోనే ఉంది. కానీ నోరు తెరిస్తే వేరే ప్రశ్న వచ్చింది.

"అప్పట్లో నువ్వెందుకు మానేశావు?"

ఆవిడ నవ్వింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా! ఎవరూ మానెయ్యమనలేదండీ. ఆడతావా అని ఎవరూ అడగనూ లేదు. రోజులు గడిచిపోయాయి, అంతే."

అడగనివాళ్ళలో మొదటివాడు తనేనని ఆయనకి చురుక్కుమంది. అప్పుడు అడగని మనిషి ఇప్పుడు వద్దనడానికి ఏ మొహం పెట్టుకుని వద్దంటాడు?

"రేపు ఎన్నింటికి?" అన్నాడు.

"నాలుగింటికి. ముందే రండి. కింది వరస దొరకదు."

ఆదివారం మూడింటికే కింది వరసలో కూర్చున్నాడు. మొదటి ఆట మనవాళ్ళది, రెండోది అవతలివాళ్ళది. ఆవిడ ఎగిరిన ప్రతిసారీ పైకి లేవడం వరకే ఆయన ఫోటోలు తీసి, దిగేముందు వేలు తీసేశాడు. దిగడం కెమెరా చూడకపోయినా ఆయన చూస్తూనే ఉన్నాడు. రెండో ఆట ఆఖర్న ఆవిడ నెట్ స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయింది. మూడోది మొదలయ్యాక నాలుగు పాయింట్లు ఆడి, తనంతట తనే కెప్టెన్‌కి చెయ్యెత్తి చూపించింది. ఆవిడ బదులు స్టోర్స్ సెక్షనామె లోపలికి వెళ్ళింది. నలభై నిండి మూడు నెలలే అయినందుకు ఆమెని జట్టంతా పసిపాప అని ఏడిపిస్తారు.

ఆయన వెళ్ళి బెంచీ మీద భార్య పక్కన కూర్చున్నాడు. మోకాలి మీద ఐసు సంచీ ఉంది. ఆవిడ ఆయన వైపు చూడలేదు. కళ్ళు నెట్ మీదే ఉన్నాయి. బంతి ఎత్తుకి లేచినప్పుడల్లా బెంచీ మీద ఉన్న ఆవిడ మడమలు కూడా లేస్తున్నాయి. ఏడాదిగా తనని తినేస్తున్న కోరిక ఇప్పుడు ఆ మొహంలోకి ఎక్కి కూర్చుందని ఆయనకి తెలిసిపోయింది.

"ఇటివ్వండి" అంది ఆవిడ, కెమెరా అందుకుని. పట్టీ ఇంకా ఆయన మెడలోనే ఉండటంతో ఆయన కూడా పక్కకి ఒరగాల్సి వచ్చింది. ఆవిడ కన్ను పెట్టి చూసింది. బంతి రెండుసార్లు అటూ ఇటూ పోయినా వేలు కదపలేదు. మూడోసారి ఒకే ఒక్కసారి నొక్కి వదిలింది.

చూస్తే స్టోర్స్ సెక్షనామె నిట్టనిలువునా గాల్లో ఉంది. అరచెయ్యి సరిగ్గా బంతి మీద ఉంది.

"ఎలా తెలిసింది నీకు?" అన్నాడు ఆయన నోరెళ్ళబెట్టి.

"నా మోకాలికి తెలిసింది." కెమెరా ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తోంది. "ఇది రేపు ఇచ్చేస్తారా?"

"ఇచ్చేద్దామనే అనుకున్నా. ఇక నువ్వు ఎగరవు కదా."

"నేనెగరను." మోకాలి మీద ఐసు సంచీ సర్దుకుంది. "ఎగిరేవాళ్ళు ఉన్నారుగా. వాళ్ళనైనా చూసుకుంటాను. ఇవ్వకండి. ఇది నాకు కావాలండీ."

పందొమ్మిదేళ్ళలో ఆవిడ నోట నాకు కావాలి అన్న మాట ఆయన వినడం అదే మొదటిసారి. ఆయన పట్టీని తన మెడలోంచి తీసి, ఆవిడ జడకి చిక్కుకోకుండా నెమ్మదిగా ఆవిడ మెడలో వేశాడు.