నవమి నాటి వయొలిన్

మంగళవారం సాయంత్రం నమ్రత కాలేజీ నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె వయొలిన్ పూజలో ఉంది.

హాల్లో ఫైర్‌ప్లేస్ ముందు రెండు కాఫీ బల్లలు కలిపి, పైన పట్టుచీర పరిచి, దుర్గమ్మ పటం, సరస్వతి పటం పెట్టింది తల్లి సుమతి. పటాల ముందు రెండు కార్ల స్పేర్ తాళాలు, కూరలు తరిగే పెద్ద కత్తి, స్క్రూడ్రైవర్ల డబ్బా ఉన్నాయి. తండ్రి దివాకర్ ఆఫీసు లాప్‌టాప్ మీద ఆయన పెళ్ళినాటి కండువా కప్పి ఉంది. నట్టనడుమ, మూత తీసిన పెట్టెలో వయొలిన్. చెక్క మీద కుంకుమబొట్టు, పైన చామంతులు, అక్షింతలు.

నమ్రత భుజాన సంచి దించకుండానే పటాల దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఇవాళ పెట్టేశావేంటి? నవమి థర్స్‌డే కదా!"

"ఇండియాలో థర్స్‌డే. మనకి రేపే. గుడివాళ్ళు మెయిల్ పంపారుగా."

"నా ఫోన్‌లో థర్స్‌డే అనే ఉంది."

"నీ ఫోన్ హైదరాబాద్ టైము చెప్తుంది. మనం ఉన్నది అమెరికాలో, ఆష్‌బర్న్‌లో. ఎల్లుండి పొద్దున దశమి. ఉద్వాసన చెప్పాక తీసుకుందువుగాని. అప్పటిదాకా చెయ్యి పెట్టకు."

ఆయుధపూజలో పెట్టిన వస్తువును ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదు. సుత్తి పెట్టినవాడు సుత్తి ముట్టడు, పుస్తకం పెట్టినవాడు పుస్తకం ముట్టడు. చిన్నప్పుడు నమ్రతకి ఏడాదిలో ఇష్టమైన రోజు అదే. లెక్కల పుస్తకం పూజలో పెట్టేసి హాయిగా తిరిగేది. ఇప్పుడు అదే రోజు అడ్డం పడింది.

ఎందుకంటే, బుధవారం సాయంత్రం ఐదింటిలోగా ఆమె వాయించిన రికార్డింగు యూనివర్సిటీకి అందాలి. అది విని, నచ్చినవాళ్ళని ఎదురుగా వాయించడానికి పిలుస్తారు. అందకపోతే జనవరిలో సంగీతం సీటు లేదు.

జనవరి పోతే ఆగస్టు ఉందిగా అంటారు. నమ్రతకి లేదు. నాలుగేళ్ళ పిల్లగా తండ్రి వీసా కొంగు పట్టుకుని ఈ దేశం వచ్చింది. మార్చిలో ఇరవై ఒకటి నిండుతాయి. నిండిన మర్నాటి నుంచి తండ్రి వీసా తనకి చెల్లదు, ఆ కొంగు లేదు. ఈలోపే ఏదో ఒక యూనివర్సిటీ స్టూడెంటు వీసాకి తన పేరు మీద సీటు కాగితం ఇవ్వాలి. ఒక కాగితం ఇప్పటికే వచ్చి సొరుగులో ఉంది. అది కంప్యూటర్ల సీటు. రెండేళ్ళ కిందట తండ్రీకూతుళ్ళ మధ్య ఒప్పందం అదే. "రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో సంగీతం చదువుకో. తర్వాత పెద్ద యూనివర్సిటీవాళ్ళు ఆ సంగీతంలోనే తీసుకుంటే వెళ్ళు, నేను అడ్డం రాను. తీసుకోకపోతే కంప్యూటర్లు. మళ్ళీ మాట లేదు."

ఈ రెండేళ్ళూ సుమతి గుడిలో ఎవరడిగినా "కాలేజీ చేస్తోంది" అని ఊరుకునేది. వదిలిపెట్టనివాళ్ళు ఉంటారుగా. "మ్యూజిక్కా? హాబీగానా, డిగ్రీ మేజరా? మేజరంటే మరి జాబో, వదినా?" అని గుడికొచ్చే మనీషా అడిగితే, "దాంతోపాటు కంప్యూటర్లు కూడా" అని బొంకి, ఇంటికొచ్చి రెండు రోజులు ముభావంగా ఉండేది.

రికార్డింగు ముందే చేసి పెట్టుకోవాల్సింది. చేసింది కూడా. మొదటిది కాలేజీ గదిలో. నలుగురు నిలబడితే ఊపిరాడని గది అది, తలుపుకి పలక అంత అద్దం, పక్క గదిలో ఎవరో ట్రంపెట్. రెండోది బాగానే వచ్చిందిగాని, పక్కన పియానో తప్పనిసరి అని అప్పటికిగాని చూసుకోలేదు. కాలేజీ మొత్తానికి పియానో తోడు వాయించేది డోరతీ ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి. అందరికీ ఆవిడే కావాలి. హాలు, ఆవిడా కలిసి దొరికింది బుధవారం రెండు నుంచి మూడు దాకా. నవమి గురువారం కదా అన్న ధీమాతో నమ్రత ఆ గంట రాయించుకుంది.

"అమ్మా, ఒక్క గంట. వాయించి మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టేస్తా."

"పోయినేడు మీ నాన్న కూడా ఒక్క గంటే అన్నారు."

కిందటి ఏడు నవమినాడు దివాకర్ ఏదో అర్జంటని లాప్‌టాప్ పూజలోంచి తీశాడు. డిసెంబరులో ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోయి ముగ్గురూ సామాను సర్దుకుని ఇండియా వెళ్ళిపోవాలి. సుమతి ఫ్రిజ్ మీద కేలండరులో రోజుకొక గీత గీసింది. యాభై రెండో గీత దగ్గర ఉద్యోగం దొరికింది. ఆ కేలండరు ఇంకా పారెయ్యలేదు.

నమ్రతకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ ఆ యాభై రెండు గీతలూ తనూ చూసింది. నమ్మకం లేదన్న మాట తల్లి మొహం మీద అనలేకపోయింది.

బుధవారం పొద్దున సుమతి తలస్నానం చేసి, మళ్ళీ పూజ చేసి, దోసెడు అక్షింతలు అన్నిటి మీదా చల్లింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అన్ని అరలూ తియ్యడం మొదలుపెట్టింది.

"కూరలు తరిగే చెక్క ఏదే? రాత్రి ఇక్కడే పెట్టాను."

"నాకేం తెలుసు?"

"చెక్కకి కాళ్ళొచ్చాయా ఈ ఇంట్లో? చిన్న కత్తితో బీన్స్ అరచేతిలో పెట్టుకుని తరగనా?"

పదకొండయింది. నమ్రత తండ్రిని బతిమాలదామని బేస్‌మెంట్‌లోకి దిగింది. ఆయన చేత చెప్పిస్తే తల్లి వింటుందేమోనని ఆశ. దివాకర్ వెనక్కి తిరిగి కూర్చుని టకటకా కొడుతున్నాడు. అడుగుల చప్పుడు వినగానే పక్కనున్న తువ్వాలు లాగి ముందున్నదాని మీద కప్పాడు. తువ్వాలు చాలలేదు.

"నాన్నా, అది పైన పూజలో ఉండాలి కదా?"

"మెల్లిగా."

"పైన కండువా కింద ఏముంది మరి?"

దివాకర్ ముక్కు గోక్కున్నాడు. "కూరల చెక్క."

నమ్రతకి నవ్వు తన్నుకొచ్చింది. తల్లి పొద్దున ఆ కండువాకి కుంకుమ పెట్టి చేసిన నమస్కారం కళ్ళముందు మెదిలింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేశారమ్మా. ప్రొడక్షన్ డౌన్, కంపెనీ సిస్టమ్సన్నీ ఆగిపోయాయి. ఈ వారం ఆన్‌కాల్ నేనే, ఏ వేళ పిలిచినా పలకాలి. పూజలో ఉందని చెప్తే వింటారా వాళ్ళు? చేరి ఏడాది కూడా కాలేదు. అమ్మకి చెప్పకు. పోయినేటి నుంచి సగం ప్రాణంతో ఉంది."

"మీది తియ్యొచ్చుగాని నాది తియ్యకూడదా?"

"నాది ఉద్యోగం."

"నాది?"

దివాకర్ లాప్‌టాప్ వైపు తిరిగాడు. తెర మీద ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి. నమ్రత పైకి వెళ్ళిపోయింది.

ఒక్క మాట చాలు. 'అమ్మా, ఆ కండువా ఎత్తి చూడు' అంటే వయొలిన్ చేతికొస్తుంది. కానీ తల్లి ఇవాళ్టి నుంచి మళ్ళీ గీతలు గీస్తుంది. చెప్పకపోతే మార్చి తర్వాత బతుకంతా ఏదో ఒక బేస్‌మెంట్‌లో, ఏదో ఒక ఎర్ర అక్షరాల ముందు. గట్టున నిలబడితే ఎండ, దిగితే ఊబి. నమ్రత బూట్లు వేసుకుంది.

"ఎక్కడికి? వయొలిన్ లేకుండా ఏం వాయిస్తావు?" అంది సుమతి.

"కాలేజీలో ఒకటుంది. అద్దెకిచ్చేది. తీగ బిగించే బిరడా నిలవదు, శ్రుతి జారిపోతుంది. ఏదో ఒకటి."

ఆ 'ఏదో ఒకటి' సుమతికి ఎక్కడో తగిలినట్టుంది. బీన్స్ పక్కన పెట్టింది.

బేస్‌మెంట్ మెట్లు కిర్రుమన్నాయి. దివాకర్ లాప్‌టాప్ రెండు చేతులా పట్టుకుని, ప్రసాదం తెచ్చినవాడిలా వచ్చి, డైనింగు బల్ల మీద పెట్టాడు.

"పొద్దున తీశాను, సుమతీ."

సుమతి లాప్‌టాప్ వంక చూసింది. గబగబా వెళ్ళి కండువా ఎత్తింది. మీది చామంతులు రెండు జారి పడ్డాయి, కింద కూరల చెక్క.

"దీనికా నేను పొద్దున దణ్ణం పెట్టుకున్నాను?" అంది. "దీనికి కర్పూరం కూడా తిప్పాను కదండీ." సోఫాలో కూలబడింది. "మళ్ళీ అరవై రోజులు లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. చెప్తున్నాను."

"ఏం కాదు."

"పోయినేడు కూడా ఏం కాదనే అన్నారు."

గోడ గడియారం పన్నెండున్నర దాటింది. కాలేజీ ముప్పావుగంట దూరం. నమ్రత గుమ్మం దగ్గరే చేతిలో కారు తాళాలతో నిలబడి ఉంది. పొమ్మనేవాళ్ళు లేరు, ఉండమనేవాళ్ళు లేరు.

సుమతి తల ఎత్తకుండానే అంది: "ఆయనది తీశాక ఇంకేం మిగిలింది. దణ్ణం పెట్టుకుని తీసుకో. ఎడమ చేత్తో తియ్యకు."

నమ్రత దణ్ణం పెట్టుకుని, కుడి చేత్తో పెట్టె మూసి ఎత్తుకుంది. గెలిచినట్టు లేదు. ఇవాళ్టి నుంచి తండ్రి ఫోను మోగినప్పుడల్లా తల్లి ముందు లాప్‌టాప్ వైపు, తర్వాత వయొలిన్ వైపు చూస్తుంది. ఉద్యోగానికి ఏమన్నా అయితే అందులో సగం తన పద్దు. దారి పొడుగునా కిటికీల్లేని డేటా సెంటర్ల గోడలు. కారు అద్దాలు మూసి ఉన్నా వాటి రొద వినిపిస్తూనే ఉంది.

రెండయింది. హాల్లో డోరతీ కళ్ళజోడు సర్దుకుని పియానో ముందు కూర్చుంది. నమ్రత పెట్టె తెరిచి, కుంకుమ తుడిచి, వయొలిన్ భుజానికెత్తి కమాను వేసింది.

తీగ పలికింది. దాని వెనకే ఇంకేదో పలికింది. గాజు సీసాలో ఈగ పడ్డట్టు సన్నగా జుయ్యిమంది.

"ఏమిటది?" అంది డోరతీ.

నమ్రత వయొలిన్ ఊపింది. లోపల గలగలమంది. తల్లి చల్లిన అక్షింతలు చెక్క మీది రెండు సన్నటి కంతల్లోంచి పొట్టలోకి జారాయి.

"బియ్యం. మా అమ్మ దీవించింది."

"మా అమ్మ చర్చి నీళ్ళు చల్లేది" అంది డోరతీ. "నీళ్ళయితే ఆరిపోతాయి. బోర్లించు."

ఇద్దరూ కలిసి తలకిందులు చేశారు, పక్కకి వంచారు, మెల్లిగా తట్టారు. ఒక గింజ రాలింది. ఒక చామంతి రేక రాలింది. ఇంకో రెండు గింజలు. రెండుంబావు. రెండున్నర. ఆఖరి గింజ ఒకటి లోపలే తిరుగుతోంది. కంత దాకా వచ్చి, తొంగిచూసి, మళ్ళీ లోపలికి పోతోంది.

"ఇక చాలు" అంది డోరతీ. "వాయించు. గట్టిగా వాయించేచోట వినపడదు."

"మెల్లిగా వాయించేచోట?"

"వినపడుతుంది."

మొదటిసారి నమ్రత గింజకి భయపడి వాయించింది. చెయ్యి బిగుసుకుపోయింది. రెండోసారి, గింజ జుయ్యిమన్నప్పుడల్లా తల్లి మొహం గుర్తొచ్చి కమాను తడబడింది. మూడోసారికి ఎనిమిది నిమిషాలే మిగిలాయి. తలుపు బయట తర్వాతి కుర్రాడు సెల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి భయపడడానికి వ్యవధి లేకపోయింది. వాయించింది. మెల్లిగా సాగే నడిమి భాగంలో గింజ పలికింది. పలకనిచ్చింది.

నాలుగున్నరకి ఆ మూడోదే పంపింది. ఇంటికొచ్చి పెట్టె తెరిచి మళ్ళీ పూజలో, అదే చోట పెట్టింది. లాప్‌టాప్ కూడా కండువా కింద ఉంది.

"బాగా వచ్చిందా?" అంది సుమతి.

"తెలీదు."

ఐదు వారాలు ఆ ఇంట్లో ముగ్గురూ పిల్లుల్లా నడిచారు. దివాకర్ ఫోను మోగితే సుమతి పొయ్యి కట్టేసేది. నమ్రత మెయిల్ చూసుకుంటుంటే దివాకర్ టీవీ గొంతు తగ్గించేవాడు.

నవంబరు మొదట్లో ఉత్తరం వచ్చింది. రికార్డింగు విన్నామని, ఇరవయ్యో తేదీ పదకొండింటికి స్వయంగా వచ్చి వాయించాలని ఉంది. సీటు ఇస్తామని లేదు. చివర ఒక మాట: నడిమి భాగంలో చిన్న చప్పుడు ఏదో వస్తోంది, వాయిద్యం ఒకసారి బాగుచేసేవాళ్ళకి చూపించండి.

నమ్రత చదివి వినిపించింది. సుమతి కళ్ళజోడు పెట్టుకుని, గుడివాళ్ళ పంచాంగం తీసి, ఇరవయ్యో తేదీ మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఉండిపోయింది.

"అమావాస్య" అంది.

దివాకర్ గొంతు సవరించుకున్నాడు. "తేదీ మార్చరు, సుమతీ."

"నాకు తెలుసు."

నమ్రత పెట్టె దగ్గరికి వెళ్ళి వయొలిన్ చేతిలోకి తీసుకుంది. లోపల గింజ ఈ మూల నుంచి ఆ మూలకి దొర్లింది. గది నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ముగ్గురికీ వినిపించింది.

సుమతి పంచాంగం మూసింది.

"ఎన్నింటికి బయల్దేరాలి?" అంది.