చిన్న సీసాలో పీటో

నాందోమ్‌లో పీటో కాచే ఆడవాళ్లు చాలామందే ఉన్నా, ఆదివారం పూజ ముగిసి చర్చిలోంచి బయటపడ్డ జనం క్లోటిల్డా పందిరి వైపే నడిచేవారు. మొలకెత్తిన జొన్నల్ని దంచి, కాచి, పులియబెట్టి ఆమె తీసే ఆ ఎర్రటి జొన్న బీరు ముందు నాలుకకి తియ్యగా తగిలేది, తర్వాత నింపాదిగా తలకెక్కేది. ఎవరికి పోసినా ముందు తానొక గుక్క తాగి, ఆ తర్వాతే సొరకాయ బుర్ర చేతికందించేది. అమ్మేవాళ్ల మర్యాద అది. ఇంటికి పట్టుకెళతామంటే మాత్రం గాలను డబ్బా నిండా కొనుక్కోవలసిందే. గాలను పొలం పనివాళ్లకీ, చావింటికీ, పెళ్లి మాటలకీ. అంతకు తక్కువ గడప దాటించేది కాదు.

ఆ ఇంటికి యూలేలియా కోడలిగా వచ్చి ఏడాది దాటింది. మొగుడు బయువో దూరాన కుమాసీ పట్నానికి లారీ తోలతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆ పిల్లది మాట మెత్తన, పని గట్టి. ఏదైనా అడగాలనుకుంటే ముందు మనసులో పదిసార్లు అనుకునిగానీ పైకి అనేది కాదు. అలాంటి పిల్ల ఒక ఆదివారం, బల్లల నిండా జనం ఉండగా, బానలు తోముతూ అడిగింది.

“అత్తా, చిన్న సీసాల్లో కూడా పోసిద్దామా?”

“ఏం సీసాలు?”

“నీళ్ల సీసాలే. వేణ్ణీళ్లతో బాగా కడిగి పెడతాను. ఇంట్లో ఒకళ్లో ఇద్దరో ఉంటే గాలను ఎక్కువైపోతోంది. మర్నాటికల్లా పులుపెక్కిపోయి పారబోసుకుంటున్నారు.”

“ఒకళ్లే ఉన్నవాళ్లు ఇక్కడికి రావచ్చుగా? కూచుంటే నా బల్లలేమన్నా అరిగిపోతాయా?” అంది క్లోటిల్డా, బల్లల వైపు తిరిగి అందరికీ వినబడేలా. “పీటో అంటే నలుగురితో కలిసి తాగేది. గోడ మొహం చూస్తూ గుటకేసేందుకు అదేమన్నా దగ్గుమందా?”

అందరూ గొల్లుమన్నారు. యూలేలియా తల వంచుకుని మళ్లీ బానలు తోముకుంది.

ఆ నవ్వుల్లో అకోల్గో గొంతు లేదు. అతను బోల్గా నుంచి వచ్చి ఏనాడో ఇక్కడ స్థిరపడ్డ దర్జీ, ఫ్రాఫ్రా తెగ మనిషి. ఫ్రాఫ్రాలకీ, క్లోటిల్డా లాంటి ఈ ఊరి దగారాలకీ మధ్య బావామరదళ్ల వేళాకోళం నడుస్తుంది. ఒకళ్లనొకళ్లు బానిసా అని పిలుచుకోవచ్చు, కుక్క మాంసం వండితే తలకాయ ఎవరిదని కొట్టుకు చావచ్చు, ఎవరికీ కోపం రాకూడదు. “ఏమే నా బానిసా, బతికే ఉన్నావా?” అంటూ అతను పందిట్లోకి అడుగుపెడితేగానీ క్లోటిల్డాకి ఆదివారం వచ్చినట్టుండేది కాదు. అలాంటివాడు కొన్ని వారాలుగా జాడ లేకుండా పోయాడు.

“పడమటి వీధిలో కొత్తగా ఎవరో పెట్టారుగా. అక్కడ మరిగాడేమో,” అన్నారెవరో.

“మరగనీ. ఫ్రాఫ్రావాడి నాలుకకి రుచేం తెలుసు!” అందిగానీ, దారిలో ఎవరి టోపీ కనబడినా ఆమె చూపు అటే పోయేది.

ఆ తర్వాత పీటో దించిన రోజు, ఎండ కాస్త వాలుతుండగా, యూలేలియా పెరటి వైపు నుంచి బయటికి వెళుతోంది. పైబట్ట కింద ఏదో దాచిపెట్టుకుంది.

“ఆగు. ఏమిటది?”

యూలేలియా బట్ట తీసింది. చిన్న నీళ్ల సీసా, దాన్నిండా పీటో.

క్లోటిల్డా మొహం గంటుపెట్టుకుంది. “నేను వద్దన్నాక కూడానా? ఎవరికి?”

“చెప్పనని మాటిచ్చాను అత్తా.” ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయిగానీ సీసా మాత్రం వదల్లేదు. “నువ్వే వచ్చి చూడు. అప్పుడు తిట్టు.”

క్లోటిల్డా కోడలి వెనకే నడిచింది. యూలేలియా అకోల్గో ఇంటి ముందు ఆగేసరికి క్లోటిల్డా అడుగు తడబడింది.

లోపల కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. చాప మీద, గోడకి చేరగిలబడి, అకోల్గో భార్య అతంపోకా కూచుని ఉంది. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది. క్లోటిల్డాని చూడగానే ఎడమచేత్తో పైబట్ట లాక్కుని మొహం కప్పేసుకుంది.

“ఎవరికీ చెప్పొద్దన్నాను కదమ్మా,” అన్నాడు అకోల్గో, యూలేలియాతో. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

“ఎప్పుడు?” అంది క్లోటిల్డా.

“వానలు తగ్గినప్పుడు. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పడిపోయింది. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని పంపేశారు. ఈ మొహం ఎవరికీ చూపించనంటుంది. దీన్నొక్కదాన్నీ వదిలి నీ బల్ల మీదికెలా వస్తాను? గాలను మోసుకొస్తే ఇంట్లో ఏం విశేషమని వీధంతా అడుగుతుంది. బోరింగు దగ్గర నేను బిందెతో నిలబడితే ఈ పిల్ల చూసింది. మగాడు నీళ్లకొచ్చాడంటే ఏదో ఉందనుకుని వెనకే వచ్చింది. దీనికి రెండు గుక్కలు, నాకు మిగతాది. సీసా సరిగ్గా సరిపోతోంది.”

క్లోటిల్డా చెప్పులు విడిచి చాప మీద కూచుంది. యూలేలియా చేతిలోంచి సీసా తీసుకుని, మూత తిప్పి, చాప పక్కనున్న బుర్రలోకి వంచింది. ముందు తానొక గుక్క తాగింది.

“ఇన్నాళ్లూ నా మొదటి గుక్క లేకుండానే తాగారన్నమాట.”

“నేనే ముందు తాగి చూశాను,” అన్నాడు అకోల్గో. “దగారా చేతి సరుకు. కట్టుకున్నదానికి ఎలా పోస్తాను, పరీక్ష చెయ్యకుండా?”

పైబట్ట వెనక ఏదో చప్పుడైంది. ముందు ఏడుపనుకుంది క్లోటిల్డా. కాదు, అతంపోకా నవ్వుతోంది. భుజాలు కదిలి కదిలి, పట్టు తప్పి, బట్ట జారిపోయింది. మళ్లీ కప్పుకోలేదు. క్లోటిల్డా బుర్ర ఆమె పెదవులకి ఆనించి, పక్కకి కారిన పీటోని తన కొంగుతో తుడిచింది.

తిరుగుదారిలో క్లోటిల్డా కోడలి వైపు తిరిగింది. “ఆ రోజు అందరి ముందూ నవ్వులపాలు చేశానే నిన్ను.”

“పోనీలే అత్తా.”

“పోనివ్వను.”

అన్నట్టే చేసింది. ఆదివారం బల్లలన్నీ నిండాక కోడల్ని పిలిచి పక్కన నిలబెట్టుకుంది. “వినండి. ఇవాళ్టినుంచి చిన్న సీసాలు కూడా ఉంటాయి. ఆలోచన దీనిది, నేను తెలీక వెక్కిరించాను. సీసాలు పోసేది ఇదే. మొదటి గుక్క కూడా దీనిదే.”

మొదటి గుక్క అమ్మేవాళ్లది. అది తనదని అత్త నలుగురిలో అనేసరికి యూలేలియాకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొదట్లో అభాసుపాలు కాకపోలేదు. కారిపోకూడదని మూతలు గట్టిగా బిగించారు. లోపల పీటో ఇంకా పొంగుతూనే ఉంటుంది కదా. పాటల మేస్టారి సంచిలో సీసా, చర్చిలో పాట సాధన మధ్యలో ఢామ్మని పేలి, పుస్తకాలన్నీ నురగతో తడిపేసింది. ఆయన ఆ సంచీ తెచ్చి క్లోటిల్డా ముక్కు కింద పెట్టాడు. అప్పట్నుంచి యూలేలియా ప్రతి మూతకీ సూదితో చిల్లి పెట్టి, “నిలబెట్టి పట్టుకెళ్లండి, పడుకోబెట్టకండి,” అని మరీ చెప్పి పంపేది. సీసాలకి వచ్చేవాళ్లని చూస్తుంటే క్లోటిల్డాకి ఆశ్చర్యంగా ఉండేది. మంచాన పడ్డ తండ్రిని చూసుకునే కూతురు. బాలింత అక్క కోసం వచ్చే చెల్లెలు. ఇంతమంది ఊళ్లో ఇళ్లు కదల్లేక ఉన్నారని బల్లల మధ్య తిరిగే తనకి తెలియనే లేదు.

అకోల్గో ఇంటికి మాత్రం సీసా తనే పట్టుకెళ్లేది. చలిగాలి దుమ్ము మొదలయ్యేనాటికి అతంపోకాకి మాట కొంచెం తిరిగింది. కుట్టుమిషను మీంచి దుప్పటి తీశారు. ఒక సాయంత్రం క్లోటిల్డా కూచోగానే అతంపోకా తల అడ్డంగా ఊపి, సీసా తనకిమ్మని సైగ చేసింది. ఇంటికి వచ్చిన మనిషికి ఇంటామె పొయ్యాలి. ఎడమచేత్తో, సగం చాప మీద ఒలకబోస్తూ పోసింది. బుర్ర ఎత్తి ముందుకు చాచింది. చాచాక తన చేతిని చూసుకుని టక్కున వెనక్కి లాక్కుంది.

“ఎడమ... చెయ్యి,” అంది, మొహం దించుకుని. ఎడమచేత్తో ఇస్తే పగవాడికి ఇచ్చినట్టే.

క్లోటిల్డా తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ఎడమచెయ్యి చాచింది.

“ఇలా ఇవ్వు,” అంది.

అతంపోకా ఆ చెయ్యి వైపు చూసింది. తర్వాత బుర్ర మళ్లీ ముందుకొచ్చింది. రెండు ఎడమచేతుల మధ్య అది కొంచెం ఊగి, ఒలక్కుండా చేతులు మారింది. మిషను దగ్గర అకోల్గో కాలితో తొక్కడం ఆపి, అవసరం లేకపోయినా దారం తెంపి, మళ్లీ సూదిలోకి ఎక్కించుకుంటూ కూచున్నాడు.