పై మడత టైరు

వెంకటప్పయ్యగారి లారీకి వెనక రెండు పక్కలా జంట టైర్లు. వాటిలో బయటివి ఎప్పుడు చూసినా నిక్షేపంలా ఉండేవి, లోపలివి మాత్రం ఎన్నిసార్లు మార్చినా అరిగిపోయేవి. కొత్త టైరు దొరకడమే గగనమైన రోజులవి. అందుకని ఒకరోజు ఆయన నలుగురూ వింటుండగా, "ఒరేయ్ కొండలూ, ఈసారి లోపలి టైర్లు అరిగాయంటే నువ్వు సీటు దిగిపోవాల్సిందే. బావమరిదివని చూడను" అనేశాడు.

కొండలంటే ఆ లారీ నడిపే ఏడుకొండలు. అతనికి ఆ డ్రైవరు సీటు తప్ప ఈ లోకంలో ఇంకేదీ అక్కర్లేదు. సీటు దిగితే మళ్లీ అద్దకం పనిలో చేరాలి. అది వాళ్లింట్లో తాతలనాటి పని. అందులో అతని వంతు, పొద్దస్తమానం కాలవలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి గుడ్డలు జాడించడం. కాళ్లు నాని నాని, చివరికి అక్క రాఘవమ్మను బతిమాలుకుని బావగారి లారీ ఎక్కాడు. ఎక్కాక మళ్లీ నీళ్లలో దిగడమంటే మాటలా?

వెంకటప్పయ్యగారికి పెడనలో చేనేత బట్టల వ్యాపారం. తానులు బేళ్లు కట్టి బెజవాడ దుకాణాలకు వేస్తాడు. మనిషి మంచివాడే కానీ ఆయనకు పైకి కనిపించేదే సరుకు. బేలు కట్టేటప్పుడు అన్నిటికన్నా మంచి తాను పై మడతకు రావాలి. పోగు తెగిందీ మరక పడిందీ లోపలికి పోవాలి. ఒంటి మీదా అదే పద్ధతి. పైన గంజి పెట్టిన లాల్చీ ఫెళఫెళలాడుతుంటుంది, లోపల బనీను చూస్తే చేపల వల. లారీ కొన్నాక దానికీ ఇదే న్యాయం పెట్టాడు. కొత్త టైరు దొరికితే బజారుకు కనిపించేలా బయట బిగించాలి, బయటున్న పాతది లోపలికి మార్చాలి. ఏడుకొండలుకు ఇందులో తప్పేమీ తోచలేదు. బట్టల మధ్య పుట్టి పెరిగినవాడికి ఎందుకు తోస్తుంది?

లోపలి టైర్లు మళ్లీ అరగడం మొదలయ్యేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ కమాను పట్టీలు మార్చమన్నాడు. ఇంకొకాయన బేరింగులు పోయాయన్నాడు. హనుమాన్ జంక్షన్‌లో టీ కొట్టు గంగారత్నం, "లారీకి దిష్టి తగిలింది నాయనా, ఎర్రనీళ్లు తియ్యి" అంది. పట్టీలు మార్చాడు, బేరింగులు మార్చాడు, ఎవరూ చూడకుండా ఎర్రనీళ్లు కూడా తీశాడు. టైర్లు వాటి పాటికవి అరుగుతూనే ఉన్నాయి.

ఒకనాడు పొద్దున్నే వాన వెలిసి ఎండ కాసింది. రాఘవమ్మ ఇంటిముందు గచ్చు తుడిచి, చలువ చేసిన పంచెల తాను ఒకటి పొడుగ్గా పరిచి ఆరేసింది. ఏడుకొండలు బేళ్లు నింపిన లారీని బురద వీధిలోంచి వెనక్కి తెస్తున్నాడు. దారి చూసుకోవాల్సినవాడు, తల బయటపెట్టి టైర్లకేసి చూస్తున్నాడు.

"ఆగరా! ఒరేయ్, ఆగు!" అని అక్క కేక వేసేసరికే లారీ వెనక చక్రాలు తానెక్కి దిగిపోయాయి.

కేక విని వెంకటప్పయ్య పరుగున వచ్చాడు. మల్లెపూవులాంటి తాను మీద నల్లటి బురద చారలు. ఆయన లారీ తలుపు మీద దబదబా బాదాడు.

"దిగు! టైర్లు తిన్నావు, ఇప్పుడు బట్టలు కూడా తింటున్నావు. తాళం ఇలా తే!"

తాళం తీసుకుని మొలలో దోపుకున్నాడు. ఏడుకొండలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే మోకాళ్ల దాకా చలి వేసినట్టనిపించింది.

రాఘవమ్మ మాత్రం తిట్టకుండా తాను మీదికి వంగి చూస్తోంది. "తమ్ముడూ, ఇటు రారా. ఈ అచ్చు చూడు."

బయటి టైరు గళ్లు గళ్లుగా తేటగా పడింది. దాని పక్కనే లోపలి టైరు అచ్చు అలికినట్టు ఉంది.

"నాన్న అద్దేటప్పుడు అచ్చు జారితే ఇలాగే అలుక్కుపోయేది, గుర్తుందా?"

ఏడుకొండలు కళ్లు తుడుచుకున్నాడు. "అవునక్కా. ఇది దొర్లలేదు. ఈడ్చుకుపోయింది."

"దాంట్లో గాలి లేదు, అందుకే!" అన్నాడు వెంకటప్పయ్య.

ఏడుకొండలు తల దించుకున్నాడు. లోపలి టైరుకి గాలి చూడాలంటే కింద దూరి చెయ్యి పెట్టాలి. తెల్ల ప్యాంటు మాసిపోతుందని అతను బయటి టైర్లనే రాడ్డుతో కొట్టి, చప్పుడు విని వదిలేస్తుంటాడు. ఇప్పుడు ప్యాంటు సంగతి మరిచిపోయి బురదలో పడుకుని, లోపలివాటికీ బయటివాటికీ సమంగా గాలి కొట్టాడు.

"ఎలాగూ పాడైందిగా, మళ్లీ ఎక్కించు" అంది రాఘవమ్మ.

"ఈ ఒక్కసారికే" అని బావగారు తాళం ఇచ్చాడు. లారీ ఆ తాను రెండో కొస మీదుగా పోయింది. అలుకుడు కొంచెం తగ్గింది కానీ పోలేదు.

రాఘవమ్మ లోపలికి వెళ్లి నూలు కండె తెచ్చింది. జాకీ పెట్టి చక్రాన్ని ఎత్తించి, రెండు టైర్ల చుట్టూ చెరో దారం చుట్టించి, దారాలు పక్కపక్కన పెట్టి చూసింది. లోపలి దారం నాలుగు వేళ్లు తక్కువైంది.

"రెండిటినీ ఒకే చక్రానికి బిగించాం, కలిసే తిరగాలి" అన్నాడు ఏడుకొండలు మెల్లిగా. "పెద్దది ఒక చుట్టు తిరిగి పోయినంత దూరం చిన్నది పోలేదు. మిగిలింది నేల మీద రాసుకుంటూ పోతోంది. అదక్కా అరుగుడు!"

"మరి పెద్దదాని పక్కన చిన్నదాన్ని కట్టిందెవరు?"

రాఘవమ్మ కళ్లు భర్త లాల్చీ మీదికి వెళ్లాయి. వెంకటప్పయ్య పై గుండీ పెట్టుకున్నాడు.

"బేళ్లు ఎలాగూ బెజవాడ పోవాలి. ఆటోనగర్లో ఆగి టైర్లు మార్పించుకుందాం, పద" అని లారీ ఎక్కి కూర్చున్నాడు.

దారి పొడుగునా ఆయన బేళ్ల లెక్క చూసుకుంటూ కూర్చున్నాడు. ఈ ఒక్కసారే అన్న మాటలో ఈ ప్రయాణం కూడా కలుస్తుందో లేదో ఏడుకొండలుకు తెలియలేదు. గేరు మార్చిన ప్రతిసారీ ఇదే ఆఖరేమోనని దాని గుండు కాస్త నిమిరి వదిలాడు. ఆటోనగర్లో మరియదాసు టైర్ల కొట్టు దగ్గర ఆగి, దారం పెట్టి కొలిచి, బయటుండే కొత్తవి రెండూ కుడిపక్క జతగా, లోపలుండే పాతవి రెండూ ఎడమపక్క జతగా వేయించుకున్నారు.

బేళ్లు దించాల్సిన బట్టల దుకాణం ముందు లారీ ఆగగానే వెంకటప్పయ్య దిగి, చుట్టూ తిరిగి చూసి, ఉలిక్కిపడ్డాడు.

"ఒరేయ్, ఈ ముసలి జత సరిగ్గా దుకాణాలవైపే పడిందే!"

"ఏదో ఒక పక్క పడాలి కదా బావా" అన్నాడు ఏడుకొండలు భయంభయంగా.

వెంకటప్పయ్య కుడిపక్కకు వెళ్లి కొత్త జతను ఇంకోసారి చూసొచ్చాడు. "సరే. ఇకమీదట బజార్లో ఆపేటప్పుడు కుడిపక్క దుకాణాలకు కనబడేట్టు తిప్పి ఆపు. ప్రతిసారీ చెప్పించుకోకు."

ప్రతిసారీ! ఏడుకొండలుకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఆ ఇరుకు బజారులో సైకిలు తిప్పడమే కష్టం, లారీ తిప్పితే జనం కొడతారు. అయినా "అలాగే బావా" అన్నాడు. ఆ క్షణాన లారీని తలకిందులుగా ఆపమన్నా ఆపేవాడే.