ఏడో డిటెక్టర్

ఫ్లాస్కు మూత తీసి, పొద్దున పోసిన టీ పోసినంతా ఉందని చూసుకున్నాకే అతను మళ్లీ ఏడో డిటెక్టర్ దగ్గర వంగాడు. ఉద్యోగంలో అది ఆఖరి రోజు. ముప్పై ఏళ్లుగా ఆ ప్రయోగశాలలో డిటెక్టర్లు బిగించడం, స్కేలుతో దూరాలు కొలిచి వాటి కోణాలు లెక్కగట్టి పుస్తకంలో రాయడం అతని పని.

ఢీకొన్న కేంద్రకం పరుగెడుతూనే గామా కిరణాన్ని వదులుతుంది. ముందున్న డిటెక్టర్‌కు దాని శక్తి ఎక్కువగా, వెనకున్నదానికి తక్కువగా కనబడుతుంది. ఆ డాప్లర్ తేడాను కోణాన్ని బట్టి సరిచేస్తే గ్రాఫులో అన్నింటి శిఖరాలూ ఒకేచోట నిలవాలి. వారం కింద రిపేరయ్యాక అతను బిగించిన ఏడోదాని శిఖరం మాత్రం పక్కకు జరిగింది.

ఎవరో కదిపారు. అటువైపు వైర్లు సర్దిన పరిశోధక విద్యార్థినే అయ్యుంటుందని అతనే ప్రొఫెసర్ చెవిన వేశాడు. నాలుగింటికి ఆమెను ప్రయోగం నుంచి తప్పిస్తున్నారు.

"నేను ముట్టుకోలేదు బాబాయ్ గారూ, ఒట్టు," అంది ఆమె.

"ఒట్టేస్తే కోణం సరవుతుందా అమ్మా?"

ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషి అతను. "నన్ను నమ్మి చేసుకున్నారా, కొలిచి చేసుకున్నారా?" అని భార్య ఆటపట్టిస్తుంది. అతను నమ్మేది జేబులోని స్టీలు స్కేలొక్కదాన్నే. దానితోనే కొలుస్తాడు, దానితోనే డబ్బాల మూతలు లేపుతాడు, కొన మొద్దుబారితే ఆకురాయితో రుద్దుతాడు.

ఆమె భోజనానికి వెళ్లాక, ఆమె బల్లమీది ప్లాస్టిక్ స్కేలుతో ఏడోదాని దూరం మళ్లీ కొలిచి చూశాడు. పుస్తకంలో తను రాసినదానికి రెండు మిల్లీమీటర్లు తేడా. ముందు ఆ ప్లాస్టిక్ దాన్నే అనుమానించాడు. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. స్టీలు స్కేలుకు మొదటి రెండు గీతలు లేవు. అరిగిపోయాయి. మిగతా డిటెక్టర్లు అది కొత్తగా ఉన్నప్పుడు కొలిచినవి.

అతనికి సిగ్గేసింది. స్కేలు జేబులో వేసుకుని ఇంటికి పోతే ఎవరికీ తెలియదు. మూడున్నర దాకా కూర్చున్నాడు. తర్వాత లేచి ప్రొఫెసర్ గదిలోకి వెళ్లాడు.

"తప్పు నాది సార్. ఆ పిల్లది కాదు."

"ఈ రోజు చెప్పకపోతే ఏం పోయేది?" అన్నాడు ప్రొఫెసర్, అనుమానంగా.

"ఆ పిల్ల పోయేది సార్."

లెక్కలో కొత్త కోణం వేయగానే ఏడోదాని శిఖరం మిగతావాటి వరుసలోకి వచ్చింది. ఆమె తల తిప్పి చూసేసరికి అతను లేడు. గేటు దాటేటప్పుడు, ఎవరైనా ఏదైనా పెట్టారేమోనని రోజూ వెతికినట్టు, తన సంచీ తానే వెతుక్కోలేదు కూడా.

బల్లమీద స్టీలు స్కేలు ఉంది. కొనకు తెల్ల టేపు చుట్టి, దాని మీద వంకర అక్షరాలతో రాసి ఉంది: "ఈ చివర నమ్మొద్దు. పదో గీత నుంచి కొలవండి."