ఉత్పల గురించి మా అభిప్రాయం

శనివారం మధ్యాహ్నం అమలాపురం బస్సు మామిడికుదురు సెంటర్లో ఆగగానే కండక్టరు కిటికీలోంచి వీక్లీ అందిస్తాడు. లోవమ్మ అందుకుంటుంది. సరోజిని టీచరుగారి అరుగు ఎక్కేదాకా దాన్ని ఎవరూ విప్పకూడదు. అదొక కట్టుబాటు. ఒకసారి లోవమ్మ దారిలో నాలుగు లైన్లు కూడబలుక్కుని చదివేసిందని తెలిసి నర్సు పుష్పలత ఆ వారమంతా ఆవిడతో మాట్లాడలేదు.

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం. ఊళ్లో సీరియల్ పిచ్చి లేని ఆడవాళ్లు లేరు. కాకపోతే ఈ నలుగురికీ తాము అందరిలాంటివాళ్లం కాదని నమ్మకం. వీళ్లు ఊరికే చదవరు, అభిప్రాయాలు చెప్పుకుంటారు. సరోజినిగారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మిస్ట్రెస్. శనివారం ఒంటిపూట బడి కాబట్టి సభ ఆవిడ అరుగు మీద. పుష్పలత హెల్త్ సెంటర్లో నర్సు, పెళ్లి చేసుకోలేదు. లోవమ్మ మొగుడు వెంకటరాజుది కొబ్బరికాయల వ్యాపారం. నాలుగో మనిషి సలోమి.

చదివేది సలోమే. టీచరుగారికి కళ్లజోడు పెట్టినా అక్షరాలు అలుక్కుపోతాయి. పుష్పలతకి తొందరెక్కువ, వర్ణనలన్నీ దాటేస్తుంది. లోవమ్మ చదువు సంగతి చెప్పుకున్నాం. సలోమి పదో తరగతి పాసయ్యి, టీచరు ట్రైనింగుకి వెళ్దామనుకున్న ఏడాదే సహకార సొసైటీలో దానం అనే గుమాస్తాకి భార్యయ్యింది. చక్కటి గొంతు. ఏడుపు వచ్చే చోట ఏడవకుండా చదువుతుంది, విన్నవాళ్లే ఏడుస్తారు.

ఆ రోజుల్లో నడుస్తున్న సీరియల్లో నాయిక ఉత్పల. ఆమె భర్త బయట పెద్దమనిషి, ఇంటికొస్తే బెల్టు తీస్తాడు. ఉత్పల ప్రతివారం చివర్లో వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడుతుంది. తరవాయి వచ్చేవారం. వచ్చేవారం మళ్లీ లోపలికెళ్లి అన్నం వండుతుంది.

"ఆ గడియ అరిగిపోద్దండి గానీ ఇది మాత్రం బయటికి రాదు" అనేది లోవమ్మ విసుక్కుంటూ. "నేనైతే ఆ బెల్టుతోనే ఆడి వీపు చీరేసి వచ్చేద్దును."

"చదువుకున్న పిల్ల కదండి. పని చేసుకుని బతకలేదా?" అనేది పుష్పలత. "నేను బతకట్లేదా ఒక్కదాన్నీ?"

"ఓర్పుకీ చేతగానితనానికీ తేడా తెలియాలి" అని టీచరుగారు ముగించేవారు. ఆవిడ మాటలు ఎప్పుడూ నల్లబల్ల మీద రాసినట్టే ఉంటాయి.

"నువ్వేమంటావే సలోమీ?" అని అడిగితే, "మీరు చెప్పిందేనండి" అనేది వీక్లీ మడిచిపెడుతూ.

చదవడం అయ్యాక వీక్లీకి ఒక కార్డు రాయడం కూడా ఆనవాయితీ. టీచరుగారు చెప్తారు, సలోమి రాస్తుంది, కింద 'సరోజిని బృందం, మామిడికుదురు' అని పెడుతుంది. ఎన్ని రాసినా ఒక్కటీ వెయ్యలేదు వాళ్లు. అలాంటిది వానాకాలం మొదట్లో పాఠకుల పేజీలో, అన్నిటికంటే పైన, వీళ్ల కార్డు వేశారు. సలోమి చదివింది. "ఉత్పల ఆ ఇల్లు విడిచి రావాలి. వస్తే ఎక్కడికి పోతుందని రచయిత్రిగారు సందేహించనక్కర్లేదు. అలాంటి ఆడపిల్లకి తలుపు తియ్యని ఇల్లు తెలుగునాట ఉండదు."

ఆ రోజు అరుగు మీద సంబరం చూడాలి. లోవమ్మ పూతరేకులు తెప్పించింది. పుష్పలత ఆ పేజీ హెల్త్ సెంటర్లో చూపిస్తానని చింపుకోబోతే టీచరుగారు ఒప్పుకోలేదు. అందరూ కాస్త సద్దుమణిగాక సలోమి మెల్లిగా అడిగింది.

"ఆ ఆఖరి మాట నిజమేనాండి, టీచరుగారూ?"

"ఏం, అబద్ధాలు రాస్తామా అమ్మా?" అన్నారు టీచరుగారు, నోట్లో పూతరేకుతో.

ఇంతలో దానం వచ్చాడు. ప్రతి శనివారం భార్యని సైకిలు మీద తీసుకెళ్లడానికి వస్తాడు. అరుగు ఎక్కడు. కిందే నిలబడి, "సభ ముగిసిందాండి? మా వంట సంగతి కూడా చర్చించేరాండి?" అని నవ్విస్తాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది అతనే. పంట లోను కాగితాలు ఎవరు పట్టుకెళ్లినా విసుక్కోకుండా రాసిపెడతాడు. ఊరందరికీ మంచివాడు. అలాంటివాడి చేతుల్లో పడడం కంటే తాగుబోతుకి పెళ్లామవ్వడం నయం. కనీసం నలుగురూ అయ్యో అంటారు.

అలాగని వీళ్లకి తెలియదా? శుభ్రంగా తెలుసు. ఆమధ్య సలోమి ముంజేతికి కట్టు కట్టింది పుష్పలతే. "నూతి దగ్గర జారేనండి" అంటే, "పాకుడు పట్టి ఉంటుంది, జాగర్త" అంది, వేళ్ల అచ్చులు చూస్తూనే. ఎండాకాలంలో మోచేతులు దాటిన జాకెట్టు ఎందుకే అని లోవమ్మ ఒక్కసారి అడిగి మళ్లీ అడగలేదు. ఆలమూరులో ఉన్న అన్న దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ అన్నే మళ్లీ తెచ్చి దిగబెట్టాడని ముగ్గురికీ తెలుసు. ఉత్పల బాధల గురించే ఇంతసేపు మాట్లాడుకోగలిగిన మనుషులు సలోమి బాధ దగ్గరికొచ్చేసరికి నూతి పాకుడు గురించి మాట్లాడుకున్నారు.

కార్డు అచ్చయిన తరవాత మంగళవారం సాయంత్రం, బడి వదిలిన వేళకి, సలోమి చేతిసంచితో టీచరుగారింటికి వచ్చింది. కింది పెదవి వాచి ఉంది.

"ఒకటో తారీకు నుంచి రాజోల్లో హాస్టల్లో వంట పనికి రమ్మన్నారండి. ఉండడానికి గది కూడా అక్కడే ఇస్తారంట. ఇంక వారం రోజులేనండి. అప్పటిదాకా మీ వెనక వసారాలో పడుంటాను. ఆ ఇంట్లో ఉంటే అప్పటికి ప్రాణంతో ఉంటానో ఉండనో తెలీదండి."

టీచరుగారు ఆమెని కూచోబెట్టారు. మంచినీళ్లిచ్చారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజం.

"మా వారూ దానమూ ఒకే చర్చి సంఘం కమిటీలో ఉన్నారమ్మా. ఆదివారం గుడిలో పక్కపక్కనే కూర్చుంటారు. నేను హెడ్మిస్ట్రెస్ని. ఇంకొకరి భార్యని ఇంట్లో పెట్టుకుందని రేపు పిల్లల తల్లిదండ్రులు అంటే నేనేం చెప్పను? నువ్వు పుష్పలత దగ్గరికెళ్లు. ఒంటరి మనిషి, అడిగేవాళ్లుండరు."

పుష్పలత క్వార్టర్సు ఒక్కటే గది. ఆ గది గుమ్మంలోనే నిలబడిపోయింది పుష్పలత.

"ఒంటరిదాన్ని కాబట్టే నాకు భయం సలోమీ. మీ ఆయనొచ్చి వీధిలో నిలబడి నా మీద ఒక్క మాటంటే చాలు, సాయంత్రానికి అది ఊరంతా తిరిగొస్తుంది. లోవమ్మగారిది పెద్దిల్లు కదా, అక్కడికెళ్లమ్మా."

లోవమ్మ మాత్రం తలుపు తీసింది. లోపలికి తీసుకెళ్లి, వేడన్నంలో చేపల పులుసు వేసి దగ్గర కూచుని తినిపించింది. దానాన్ని నోరారా తిట్టింది. సలోమి రెండో ముద్ద దగ్గర హాస్టలు సంగతి చెప్పింది. అన్నం తినడం అయ్యేసరికి లోవమ్మ ఆ సంగతి మొగుడికి చెప్పింది. వెంకటరాజు పెట్టుకున్న లోను కాగితం సొసైటీలో దానం బల్ల మీదే ఉంది. వెంకటరాజు సైకిలెక్కి దానం దగ్గరికి వెళ్లాడు.

"ఇద్దర్నీ కూచోబెట్టి మంచీ చెడూ చెప్తారే. పెద్దోళ్లు చెప్తే ఇంటాడు" అంది లోవమ్మ. మోసం చేద్దామని కాదు. ఆవిడ మనస్ఫూర్తిగా అలాగే అనుకుంది.

దానం వచ్చాడు. చెప్పులు బయట విడిచి, వెంకటరాజు చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు. "తప్పేనండి. కోపంలో చెయ్యి జారిందండి. మీరు పెద్దోళ్లు, మీ మాట దాటనండి" అన్నాడు. "పద సలోమీ" అని తనే సంచి అందుకున్నాడు. సలోమి లోవమ్మ వైపు చూసింది. లోవమ్మ ఆమెకి బొట్టు పెట్టబోయి, వాళ్లలో ఆనవాయితీ కాదని గుర్తొచ్చి, చేతిలో అరటిపళ్లు పెట్టింది. మర్నాడు దానం సెలవు పెట్టి రాజోలు వెళ్లి, మా ఆవిడకి ఉద్యోగం అవసరం లేదండి, ఆరోగ్యం బావుండదండి అని హాస్టల్లో మర్యాదగా చెప్పి వచ్చాడు.

శనివారం వచ్చింది. సలోమి వస్తుందని ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు. వచ్చింది. ఎడంచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా గుడ్డతో చుట్టి ఉంది. ఈసారి కట్టు పుష్పలత కట్టింది కాదు. ఎవరూ ఏమీ అడగలేదు. లోవమ్మ వీక్లీ విప్పి, పేజీ తీసి, ఆమె ఒళ్లో పెట్టింది.

సలోమి చదివింది. ఉత్పల గడియ తీసింది. చేతిలో చిన్న పెట్టె. బయట సన్నటి జల్లు. వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. దూరంగా వీధి మలుపు తిరిగింది. అక్కడితో ఆ భాగం ముగిసింది, సగం పేజీ బొమ్మతో.

"మన కార్డు చూసే రాసేరండి!" అంది పుష్పలత.

"ఆడి మొహాన కొట్టినట్టు వచ్చేసింది" అని లోవమ్మ తొడ చరుచుకుంది. "నా కడుపు నిండిపోయిందండి ఇయ్యాళ."

"ఇదీ రచయిత్రి అంటే. సమాజానికి ఒక దారి చూపించారు" అన్నారు టీచరుగారు. మాట్లాడుతున్నకొద్దీ ముగ్గురికీ హుషారొచ్చింది. మంగళవారం నుంచి గుండెల మీదున్న బరువు ఉత్పల దించేసినట్టయింది.

"తప్పు రాసేరండి" అంది సలోమి.

ఎన్నడూ అభిప్రాయం చెప్పని మనిషి. ముగ్గురూ తిరిగి చూశారు.

"అదేంటమ్మా? మరి ఆ ఇంట్లోనే ఉండి చావమంటావా?" అన్నారు టీచరుగారు, కొంచెం కోపంగానే.

"కాదండి. ఆ రాత్రి ఎక్కడ పడుకుందో రాయలేదండి."

పెరట్లో కొబ్బరిమట్ట రాలిన చప్పుడుకి లోవమ్మ ఉలిక్కిపడింది.

"వచ్చేవారం రాస్తారులే" అన్నారు చివరికి టీచరుగారు.

"రాయరండి. ఆవిడకి మాత్రం తెలుసునేంటండి?"

సలోమి గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే వాళ్లకి సుఖంగా ఉండేది, ఒకరినొకరు అనుకుని, ఏడ్చి, తేలికపడేవారు. ఆమె ఎప్పటిలాగే వీక్లీ మడిచిపెట్టి, టీచరుగారి బల్ల మీంచి కార్డూ పెన్నూ తీసుకుంది. కట్టు ఉన్న చెయ్యి కార్డు మీద ఆనించి, కదలకుండా పట్టుకుంది.

"ఏం రాయమంటారండి?"

టీచరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పుష్పలత అరుగు కిందికి చూసింది. నల్లబల్ల మాటలన్నీ ఆ పూట ఎక్కడికి పోయాయో. లోవమ్మే అంది, వినపడీ వినపడనట్టు.

"బావుందని రాసెయ్యవే."

సలోమి గుండ్రటి అక్షరాలతో రాసింది. 'ఈ వారం చాలా బావుంది. సరోజిని బృందం, మామిడికుదురు.'

అరుగు కింద సైకిలు బెల్లు మోగింది.

"సభ ముగిసిందాండి?" అన్నాడు దానం. "ఆ కార్డు ఇలా ఇచ్చెయ్యండి. ఎలాగూ పోస్టాఫీసు మీంచే కదా వెళ్లేది, నేను వేసేస్తానండి."

టీచరుగారు కార్డు అందించారు. అతను దాన్ని చదివి, నవ్వి, జేబులో పెట్టుకున్నాడు. సలోమి వెనక క్యారేజీ మీద కూచుంది.

"వచ్చే శనివారం వస్తావుగా అమ్మా?" అన్నారు టీచరుగారు.

"ఆయ్" అంది సలోమి.