పెట్టెతో కూర్చునే పని

ఖాళీ బస్సు ఎవరూ ఎక్కరు. నైరోబీలో బస్సు నడిపే ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. మాకు పని దొరికింది అందువల్లనే.

నా పని కూర్చోవడం. విమానాశ్రయానికి బస్సులు బయల్దేరే స్టాండులో మ్వేవే కంపెనీ బస్సు ఎక్కి, ఎడమవైపు మూడో కిటికీ దగ్గర, ఒళ్ళో సూట్‌కేసు పెట్టుకుని కూర్చునేదాన్ని. పెట్టెలో పాత పేపర్లుండేవి. మధ్యమధ్య విమానం దాటిపోతుందేమోనన్నట్టు గడియారం చూసుకోవాలి. దారిన పోయేవాళ్ళకి బస్సు నిండబోతున్నట్టు కనబడాలి. నిజం ప్రయాణికులు ఎక్కేకొద్దీ మేం ఒక్కొక్కరం ఏదో వంక చెప్పి దిగిపోతాం, మందులు మరిచిపోయాననో, తమ్ముడు ఇంకా రాలేదనో. ఇరవైతొమ్మిది సీట్లూ నిండేసరికి మాలో ఒక్కరూ లోపల ఉండకూడదు. ఆ బస్సు వెళ్ళాక వెనకదాన్లో మళ్ళీ అదే కిటికీ. నా భర్త ఆ కంపెనీలోనే డ్రైవరు. ఆయన పోయిన రెండో నెలలో యజమాని నాకు ఆ సీటు ఇచ్చాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా, బస్సు కదిలేటప్పుడు నేను అందులో లేను.

మ్వేవే అంటే గద్ద. ఎదుటి కంపెనీ కొరొంగో, అంటే కొంగ. గద్ద బస్సుల్లో పాటలు పెడితే కొంగ బస్సుల్లో టీవీలు వచ్చాయి. వాళ్ళు ఫోను చార్జింగు ఇస్తే మావాళ్ళు నీళ్ళ సీసా ఇచ్చారు. కూర్చునేవాళ్ళు వాళ్ళకీ ఉన్నారు. అందులో పాతకాపు ఒచోలా, ఎప్పుడో రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. కోటు, టై, పెట్టె మీద ఒక ఫైలు. ఆయన్ని చూస్తే ఏ జర్మనీకో మీటింగుకు వెళ్తున్నాడనుకుంటారు. ఆయన కిటికీ నా కిటికీకి సరిగ్గా ఎదురు. నాలుగేళ్ళు ఒకరి మొహం ఒకరం చూస్తూ కూర్చున్నాం గాని ఒక్క మాటా అనుకోలేదు. అవతలి కంపెనీ మనిషితో మాట్లాడితే పని పోతుంది.

ఆ స్టాండుకి ఒక నియమం ఉంది. వెనకటికి రెండు కంపెనీలూ సీట్లు నిండాక కూడా బస్సు కదపకుండా, నిలబడేవాళ్ళ కోసం చూసేవి. దాని మీద తలలు పగిలాయి. అప్పుడు బస్సుల సంఘం న్జాగి అనే అతన్ని పెట్టి, చేతికి ఈల ఇచ్చింది. సీట్లన్నీ నిండిన బస్సు న్జాగి ఈల వేసిన ఐదు నిమిషాల్లో కదలాలి. కదలకపోతే ఆ రోజుకి ఆ కంపెనీకి వంతు లేదు. సీట్లో మనిషి ఉన్నాడా లేదా అన్నదే న్జాగి చూస్తాడు. ఆ మనిషి ఎవరు అని అడగడు. అడిగితే రెండు కంపెనీలూ మూసుకోవాలి.

మా ఊళ్ళో జూలై అంటే చలి రోజులు. జనం పలచగా ఉన్నారు. నెలాఖరులోగా కొంగకంటే ముందు బస్సులు నిండకపోతే మాలో సగం మందిని తీసేస్తానని యజమాని చెప్పించాడు. ఆ మాట మోసుకొచ్చింది కమాండే, మా బస్సు తలుపు దగ్గర నిలబడి జనాన్ని పిలిచేవాడు. తీసేసే సగంలో ముందు పేరు నాదేనని కూడా అన్నాడు.

“నువ్వు కూర్చుంటే విమానానికి పోతున్నట్టు లేదు, కియోకో అమ్మా. చావుకు పోతున్నట్టుంది. కాస్త నవ్వుమొహం పెట్టు.”

నేను పెట్టలేదు. నాకు కూర్చోవడానికి ఇచ్చారు గాని నవ్వడానికి ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఒక ఆడమనిషి వచ్చి నా పక్కన కూర్చుంది. ముప్పయ్యేళ్ళుంటాయి. పేరు నఫులా. పెట్టెకి నారతాడు కట్టింది. ఎండుచేపల వాసన వస్తోంది. పడమటి జిల్లా నుంచి వస్తుంటే బస్సు దారిలో చెడిపోయి ఆరు గంటలు ఆలస్యమైందని తనే చెప్పింది. గల్ఫులో ఒక బడి హాస్టల్లో వంటపని. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉంది. మూడింటికల్లా విమానాశ్రయం తలుపు దగ్గర కనబడకపోతే మిగతావాళ్ళని తీసుకుని లోపలికి వెళ్ళిపోతానన్నాడట. రెండేళ్ళు తిరిగితే దొరికిన పని అది.

తర్వాత నన్ను అడిగింది, అమ్మా మీరెక్కడికి అని. నాలుగేళ్ళుగా నోటికి వచ్చిన జవాబు వచ్చేసింది.

“దుబాయ్. సాయంత్రం విమానం.”

“నాదీ అక్కడికే,” అంది. అని, నా భుజానికి ఆనుకుని కూర్చుంది, తోడు దొరికినట్టు.

నేను బస్సంతా ఒకసారి చూశాను. ఇరవైమంది ఉన్నాం. అందులో పన్నెండుమంది మావాళ్ళు. నిజం మనుషులు ఎనిమిది. ఆ లెక్కన కదలడానికి గంటన్నర. దారి ముప్పావుగంట. కూర్చునేవాళ్ళం ప్రయాణికులకి ఏమీ చెప్పకూడదు. చెప్తే ఆ పూటే పని పోతుంది. ఎదురుగా కొంగవాళ్ళ తెల్లబస్సులో రెండే సీట్లు ఖాళీ. ఒచోలాతో కలిపి వాళ్ళవాళ్ళు మామూలుగా ముగ్గురు. ఇంకో ఐదుగురు ఎక్కితే పోతుంది.

కమాండే టీ తాగడానికి పక్కకు వెళ్ళినప్పుడు ఆమె చెవిలో అన్నాను, ఇది ఇప్పట్లో పోదు, ఆ తెల్లబస్సు ఎక్కమని. మరి మీరో అంది. నాకు తొందర లేదన్నాను. ఆమె పెట్టె మోసుకుని అవతలికి వెళ్ళింది. కొంగవాళ్ళ కండక్టరు బరాసా పెట్టె అందుకుని లోపల కూర్చోబెట్టాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

పావుగంట గడిచింది. తెల్లబస్సు కదల్లేదు. ఒక కుర్రజంట ఎక్కింది, వాళ్ళు ఎక్కగానే ఇద్దరు మగవాళ్ళు ఫోను చెవిలో పెట్టుకుని దిగారు. తర్వాత ఒకాయన ఎక్కాడు, ఒక ముసలామె దగ్గుకుంటూ దిగింది. ఖాళీ సీటు ఒకటి అలాగే ఉంది. అప్పుడు చూశాను, వెనక వరసలో ఎర్రటోపీ మనిషి పొద్దున్నించీ అక్కడే ఉన్నాడు. వాడి పక్కవాడూ అంతే. ఏ పని చేసి నేను నాలుగేళ్ళు జనాన్ని ఎక్కించానో, ఆ పనే నా కళ్ళ ముందు పెడితే గుర్తుపట్టలేకపోయాను. నేనే ఆమెను లేపి పంపాను. టైము రెండుకు పది తక్కువ.

అప్పుడే ఒచోలా దిగాడు. కాల్చిన మొక్కజొన్న కొనేవాడిలా మా కిటికీ కిందికి వచ్చాడు. నేను కిటికీ తీశాను.

“ఎంతమంది పెట్టారు పెద్దాయనా, ఇవాళ?”

ఆయన నావైపు చూడకుండా కంకి తిప్పుతూ, అదేదో నాలుగేళ్ళుగా రోజూ మాట్లాడుకుంటున్నట్టే జవాబు చెప్పాడు.

“పద్నాలుగు. ఇప్పుడు పదకొండు. మీ యజమాని మీలో సగాన్ని తీసేస్తాడని విని, మావాడు మా లెక్క పెంచాడు.”

“నేను మీ బస్సుకి ఒక మనిషిని పంపాను.”

“తాడు కట్టిన పెట్టె. చూశాను. ఎందుకు పంపావు?”

“నిండిందనుకున్నాను.”

ఆయన కంకి కొరకడం ఆపాడు. “నువ్వు కూడానా?” అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. జబ్బు సంగతి విన్న డాక్టరులా అన్నాడు.

మూడింటి సంగతి చెప్పాను. ఆయన న్జాగి వైపు చూశాడు. న్జాగి స్తంభానికి ఆనుకుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

“నా సీటు, ఇంకొకటి. రెండే ఖాళీ,” అన్నాడు ఒచోలా. “నేను వెళ్ళి కూర్చుంటాను.”

వెళ్ళి కూర్చున్నాడు. ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

నేను పెట్టె తీసుకుని దిగాను. ముప్పయ్యడుగుల దూరం. కమాండే టీ గ్లాసు పట్టుకుని వస్తూ నన్ను చూశాడు. నేను కొంగ బస్సు మెట్టెక్కాను. బరాసా అడ్డం రావాలనుకున్నాడు గాని, తలుపు దగ్గర నలుగురు ప్రయాణికులు చూస్తున్నారు. పెట్టెతో వచ్చిన మనిషిని ఏమని ఆపుతాడు? ఆఖరి సీట్లో కూర్చున్నాను. ఇరవైతొమ్మిది.

కమాండేకి కోపం వస్తే ఏం చేస్తాడో నాకు తెలుసు. కిటికీ కిందికి వచ్చాడు.

“ఎంతిస్తామన్నారు నీకు? నీ మొగుడు మన బస్సు స్టీరింగు పట్టుకునే పోయాడు, సిగ్గులేదా?”

నేను గడియారం చూసుకున్నాను. అలవాటు. వాడు నా మొహం చూశాడు, తర్వాత వరసలు లెక్కపెట్టాడు. ముందు నుంచి వెనక్కి, మళ్ళీ వెనక నుంచి ముందుకి. కోపం పోయి మొహంలో ఇంకేదో వచ్చింది. తిరిగి న్జాగిని పిలిచాడు. కొంగ నిండింది, ఇంకా గుడ్లు పొదుగుతోంది, ఈల నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నావా అన్నాడు.

న్జాగి వచ్చి తలుపులోంచి తల పెట్టి చూసి ఈల వేశాడు.

ఆ ఐదు నిమిషాలు బరాసా మొహం చూడాల్సింది. ఎర్రటోపీ మనిషి మందులు మరిచిపోయానంటూ లేవబోయాడు. న్జాగి తలుపు దగ్గరే ఉన్నాడు. నిండిన బస్సులోంచి పన్నెండుమంది ఒకేసారి దిగితే, మిగతా పదిహేడుమందీ చూస్తారు, రేపటికి ఊరంతా వింటుంది. “మందులు అక్కడ దొరుకుతాయి, కూర్చోండి సార్,” అన్నాడు బరాసా పళ్ళు బిగబట్టి. బస్సు కదిలింది. రెండూ అయిదు.

చార్జీ కూడా అందరి దగ్గరా తీసుకోవలసి వచ్చింది, ప్రయాణికుల ముందు మరి. ఒచోలా చిల్లర లేదన్నాడు. బరాసా తన జేబులోంచి తీసి తన సంచిలోనే వేసుకున్నాడు. నఫులా మూడు వరసల ముందు నుంచి వెనక్కి తిరిగి, మీరూ ఎక్కారా అమ్మా అని నవ్వింది.

విమానాశ్రయం కనబడే ముందు పోలీసు తనిఖీ ఉంటుంది. అందరూ పెట్టెలతో దిగి నడవాలి. ఈ సంగతి మా పన్నెండుమందిలో ఒక్కరికీ తెలియదు. మేమెవ్వరం ఎప్పుడూ అంతదూరం రాలేదు.

తనిఖీ చేసేది ఒక పోలీసు ఆడమనిషి. మొదట ఎర్రటోపీ పెట్టె తెరిచింది. అందులో దిండు ఉంది. తర్వాతిదాన్లో గడ్డి. నాదాన్లో పేపర్లు. ఒచోలా పెట్టెలో తువ్వాలు చుట్టిన ఇటుకలు రెండు. ఖాళీ పెట్టె మోస్తే ఊగుతుంది, చూసేవాళ్ళకి తెలిసిపోతుంది, అందుకని. ఆమె ఇటుకను చేతిలో తూచింది.

“ఎక్కడికి ప్రయాణం, బాబాయ్?”

“ఎక్కడికీ కాదమ్మా.”

“మరి పెట్టెలెందుకు?”

“కూర్చోవడానికి.”

ఆమె ఇంకో ఇద్దరు పోలీసులను పిలిచింది. బరాసా ఆకాశం చూస్తున్నాడు. రెండు ముప్పావు అయింది. ప్రయాణికులందరూ ఎండలో నిలబడ్డారు. నఫులా పెట్టె తాడు విప్పడానికి తిప్పలు పడుతోంది. నేను ముందుకు వెళ్ళి, మా పన్నెండుమందినీ ఇక్కడ ఉంచుకోండి, ఆ బస్సును పోనివ్వండి, అందులో మూడింటికి అందుకోవలసిన మనిషి ఉంది అన్నాను. మీరెవరని పోలీసమ్మ అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కాసేపు నన్ను, కాసేపు ఇటుకను చూసింది. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

తాడు విప్పితే నఫులా పెట్టెలో ఎండుచేపలు, రెండు గౌన్లు, ఒక గరిటె. పోలీసమ్మ బస్సును పొమ్మంది.

నఫులా మెట్టు మీద ఆగింది. మా పెట్టెలన్నీ నేల మీద నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. దిండు, గడ్డి, పేపర్లు. ఆమెకి అర్థమయిందో లేదో నేను చెప్పలేను.

“అమ్మా, మరి మీ విమానం?”

“నాది రేపు,” అన్నాను.

బస్సు వెళ్ళిపోయింది. మా పేర్లు రాసుకుని, మందలించి, రోడ్డు అవతలి బల్ల మీద కూర్చోమన్నారు. తిరుగు బస్సు ఏదొస్తే అదెక్కి పొమ్మన్నారు. పన్నెండుమందిమి పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నాం. వేరేలా కూర్చోవడం మాకు రాదు.

కాసేపటికి విమానాశ్రయంలో ఊడ్చే ఆడవాళ్ళు డ్యూటీ దిగి వచ్చారు. రోజూ ఇంకా అరమైలు నడిచి పెద్దరోడ్డు మీద బస్సెక్కేవాళ్ళు. మమ్మల్ని చూసి ఆగారు. పెట్టెలతో ఇంతమంది కూర్చున్నారంటే బస్సు ఇక్కడికే వస్తుందనుకుని మా వెనక నిలబడ్డారు. వాళ్ళను చూసి సరుకులు దించేవాళ్ళు, పూలు కట్టే షెడ్డువాళ్ళు నిలబడ్డారు. మూడున్నరకి నలభైమంది ఉన్నారు. మేమెవరం ఎవర్నీ పిలవలేదు.

తిరిగి వస్తున్న కొంగ బస్సు మమ్మల్ని చూసి బ్రేకు వేసింది. ఊరి నుంచి వస్తున్న గద్ద బస్సు అవతల ఆగింది. తలుపుకి వేలాడుతున్నది కమాండే. కొంగ కూర్చునేవాళ్ళలో చాలామంది ఇక్కడ చిక్కుపడటంతో, అక్కడ తను బస్సు త్వరగా నింపుకుని దానితోనే వచ్చాడు. వాడూ బరాసా ఇద్దరూ దిగి, మా వెనకున్న జనాన్ని చూసి, ఒకర్నొకరు చూసుకున్నారు.

నేను బరాసాని అడిగాను, తాడు పెట్టె మనిషి ఏమైందని.

“దొరికాడు ఏజెంటు. అద్దం తలుపులోకి ఒక కాలు పెట్టేశాడు. పెట్టె ఈడ్చుకుంటూ పరిగెత్తింది. తిట్టాడు. తీసుకెళ్ళాడు.” ఆగి అన్నాడు, “నీవల్ల పన్నెండు సీట్లు పోయాయి నాకు.”

“కియోకో అమ్మా,” అన్నాడు కమాండే మెల్లగా, వరస పొడుగు చూస్తూ, “రేపట్నించి ఇక్కడే కూర్చో.”

“నీడ లేదు,” అన్నాను.

మూడోరోజుకి గద్ద బొమ్మ వేసిన పెద్ద గొడుగు పంపించారు. ఆ వారంలోనే కొంగవాళ్ళు రోడ్డుకి అవతల ఒక బల్ల వేసి దాని మీద ఒచోలాని కూర్చోబెట్టారు. ఆయన బల్ల నా గొడుగుకి సరిగ్గా ఎదురు. ఇప్పుడు ఎడం ఎక్కువ, అందుకని కాస్త గట్టిగా మాట్లాడుకోవాలి. ఐదున్నర విమానం పైనుంచి పోయేటప్పుడు ఇద్దరం తలెత్తి చూస్తాం. అప్పుడు కూడా పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యం.